బోరు చేయించే ముందు

పాత అవుట్‌బోర్డు మోటారు బలం తగ్గితే రేవులో వెంటనే వినబడే తీర్పు ఒకటే: వయసైపోయింది, విప్పి సిలిండర్లు బోరు చేయించు. ఎక్కడ తగ్గిందో ముందు చూద్దాం అనేవాళ్లు తక్కువ, వాళ్ల మాట వినే ఓపిక ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. కింది సంవాదంలో పడవ యజమానిది మొదటి మాట, మోటారు మేస్త్రిది రెండో మాట. మనుషులిద్దరూ ఊహించినవాళ్లే గాని తగాదా మాత్రం ఊహ కాదు. కాకినాడ, ఉప్పాడ వైపు ఫైబరు తెప్పల వెనక వేలాడే మోటార్ల చుట్టూ అది నడుస్తూనే ఉంటుంది. నా మొగ్గు మేస్త్రి వైపని ముందే చెప్పేస్తున్నాను. అలాగని యజమానిని ఓడిపోవడానికే నిలబెట్టిన బొమ్మ అనుకోవద్దు. ఆయన అడిగినవాటిలో కొన్నిటికి మేస్త్రి దగ్గర సగం జవాబే ఉంది. ఇక మోటారు సంగతి: టూ స్ట్రోకు, రెండు సిలిండర్లు, రెండిటికీ కలిపి ఒకే కార్బొరేటరు, తాడు లాగి స్టార్టు చేసేది, 15 హార్స్‌పవర్ లోపుది.

యజమాని: బాబాయ్, మీటర్లూ పరీక్షలూ నాకొద్దు. పద్నాలుగేళ్ల మోటారు ఇది. కొత్తలో వలా మనుషులూ అందరితో కలిపి ఒడ్డు కెరటాల్ని చీల్చుకుపోయేది. ఇప్పుడు కెరటం దాటడానికే ఆపసోపాలు పడుతోంది. ఇందులో తేల్చాల్సిందేముంది? పిస్టన్లు అరిగాయి, రింగులు అరిగాయి. విప్పి, బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసి ఇచ్చేయ్. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మోటారు ఖాళీగా పడుండేది ఈ రోజుల్లోనే. ఇప్పుడు నువ్వు పరీక్షలంటూ వారాలు గడిపితే, తీరా వేట మొదలయ్యేనాటికి అసలు పని మిగిలిపోతుంది. డబ్బు నాది, ఖర్చుకి నేను సిద్ధం. నీకెందుకు ఇంత తటపటాయింపు?

మేస్త్రి: నీ డబ్బు గురించి కాదు అబ్బాయ్, నీ మాట గురించి. పద్నాలుగేళ్లు అన్నది మోటారు వయసు, జబ్బు పేరు కాదు. అరుగుదల నిజంగా ఉంటే ఉండొచ్చు, కాదనను. కానీ దానికో నడక ఉంది. సిలిండరు గోడ రాత్రికి రాత్రి అరగదు. రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా తగ్గి, పొద్దున స్టార్టవడం కష్టమై, ఆపైన నెమ్మదిగా లాగడం తగ్గుతుంది. నీ మోటారు పోయిన నెలలో ఉన్నట్టుండి తగ్గిందంటే అరుగుదల మీద అనుమానం చివరికి పోవాలి. ఇంకో సంగతి. బలం తగ్గింది అని నువ్వు ఒక్క మాటలో అనేశావు, అందులో మూడు సంగతులు కలిసిపోయాయి. మోటారే సరిగా తిరగడం లేదా? మోటారు బాగానే తిరుగుతున్నా ఆ తిరుగుడు నీటికి అందడం లేదా? రెండూ బాగానే ఉండి పడవే బరువెక్కిందా? మూడింట్లోనూ నీకు పైకి కనిపించేది ఒకటే, పడవ మెల్లగా పోవడం. బోరు కొట్టిస్తే బాగుపడేది మొదటిదాంట్లో ఒక ముక్క మాత్రమే.

ప్లగ్గు తీగకి చుట్టుకునే చిన్న డిజిటల్ మీటరు ఉంటుంది, నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తుంది. ఇలాంటి మోటార్లకి పూర్తి గ్యాసులో 4500 నుంచి 5500 దాకా రావాలని కంపెనీ పుస్తకాల్లో ఉంటుంది. చుట్లు హద్దు దాటి పోతున్నాయి, పడవ మాత్రం కదలదు అంటే నీటిలో తిరిగే ఫ్యాను మధ్యలో ఉన్న రబ్బరు బుష్షు జారుతోంది, లేకపోతే ఫ్యాను నీటి బదులు గాలిని కోస్తోంది. చుట్లు రావాల్సినంత రాలేదంటే మోటారు బలహీనపడింది, లేదా మోయలేనంత మోస్తోంది. ఆ రెంటినీ విడదీయడం కూడా కష్టం కాదు. వలా ఐసు పెట్టెలూ దించేసి ఒక్క మనిషితో పోయి చూడు. అప్పుడు చుట్లు సరిగా వస్తే నీ మోటారుకి ఏ జబ్బూ లేదు. ఈ పద్నాలుగేళ్లలో నీ వల ఎంత పెరిగిందో, పడవ మీద ఎన్ని రిపేరు పొరలు పడ్డాయో, డెక్కు కింద ఉన్న థర్మోకోలు ఎంత నీరు తాగిందో ఒకసారి లెక్కేసుకో.

యజమాని: వల పెరిగిందని నాకూ తెలుసు. అయినా మోటారు మాట వింటే తెలియదా? చెవితో తేల్చలేని మేస్త్రి మేస్త్రేనా? రెండు సిలిండర్లూ కొట్టుకుంటూనే ఉన్నాయి, శబ్దం కాస్త మెత్తబడింది, అంతే. ఏదో ఒకటి పూర్తిగా పాడైతే మోటారు ఆగిపోవాలి కదా. ఆగలేదు. అంటే మొత్తం మీద నీరసించిందన్న మాటే. దాన్నే అరుగుదల అంటున్నాను.

మేస్త్రి: చెవి మోసం చేసేది సరిగ్గా ఇక్కడే. నీటిలో ఫ్యాను తిప్పడానికి కావాల్సిన బలం చుట్లతో పాటు సమానంగా పెరగదు, చుట్ల ఘనంతో పెరుగుతుంది. 5000 తిరిగే మోటారు అదే ఫ్యానుతో, అదే పడవతో 4500కి పడిందనుకో. పడింది పదో వంతే. బలం మాత్రం నాలుగో వంతుకు పైగా పోయింది, 100లో 73 మిగిలింది. ఇంకా పైకి పోదాం. బలం సరిగ్గా సగానికి పడితే చుట్లు ఎక్కడికి పడతాయి? 2500కి కాదు, 4000కి కాస్త ఇటుగా. అంటే ఒక సిలిండరు పూర్తిగా చచ్చి, రెండోది దాన్ని కూడా ఈడ్చుకుంటూ తిరుగుతున్నా మోటారు ఆగదు. నాలుగు వేలకి కొంచెం కింద తిరుగుతూ నీకు కాస్త నీరసపడినట్టే వినిపిస్తుంది. సగం మోటారు పోయినా చెవికి అందేది అయిదో వంతు తేడా. మెత్తబడిందని నువ్వు అంటున్నది ఒక సిలిండరు చావు కావచ్చు. అది ఒక ప్లగ్గు వల్ల కావచ్చు, ఒక కాయిలు వల్ల కావచ్చు. ఈ లెక్క తెలియకుండా శబ్దాన్ని నమ్మి మోటారు విప్పితే, వంద రూపాయల జబ్బుకి వేల రూపాయల వైద్యం చేసినట్టు.

యజమాని: సరే, ఒక సిలిండరు చచ్చిందనే అనుకుందాం. దాని రింగులే విరిగుంటాయి. మళ్లీ విప్పడానికే వచ్చాం కదా.

మేస్త్రి: రింగులే అని నీకెవరు చెప్పారు? సిలిండరు కొట్టుకోవడానికి మూడు కావాలి, ఇంధనం, మెరుపు, ఒత్తిడి. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన మోటారుకైనా నీ మోటారుకైనా ఈ మూడే. వీటిలో ఒత్తిడిని కొలవడానికి పావుగంట చాలు. అందుకే దాన్ని ముందు కొలుస్తాను, బోరు ప్రశ్న అక్కడే తేలిపోతుంది. మోటారు వేడిగా ఉన్నప్పుడు రెండు ప్లగ్గులూ తీసి, తీగల్ని బాడీకి తగిలించి, గ్యాసు పూర్తిగా తిప్పి పెట్టి, మీటరు బిగించి, ముల్లు పైకి పోవడం ఆగేదాకా తాడు లాగుతాను. రెండో సిలిండరుకీ అలాగే, అన్నేసార్లు లాగుతాను. వచ్చిన అంకె ఎంత అన్నదానికంటే రెండిటికీ మధ్య తేడా ముఖ్యం. చవక మీటర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తాయి గాని, ఒకే మీటరు రెండు సిలిండర్లకీ ఒకే అబద్ధం చెబుతుంది. ఒకటి 110 చూపించి రెండోది 105 చూపిస్తే బోరు మాట మర్చిపో. ఒకటి 110, రెండోది 70 అయితే నీ మాటే నెగ్గింది, విప్పుతాను. ఇంకోటి చూడు. నీ మోటారుకి కార్బొరేటరు ఒకటే. అది రెండు సిలిండర్లకీ కలిపి పోస్తుంది. కాబట్టి ఒక్క సిలిండరే చచ్చి ఒత్తిడి బాగుంటే నా చూపు ముందు మెరుపు మీదికి పోతుంది. రెండూ సమానంగా నీరసపడితే ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ఉన్న దారి మీదికి పోతుంది. ఒక్క నట్టు విప్పకుండానే సగం మోటారుని అనుమానం నుంచి తప్పించాం.

యజమాని: నీ మీటరు అంతా చూస్తుందని నమ్మమంటావా? టూ స్ట్రోకులో పిస్టను పైన ఒక ఒత్తిడి ఉంటే, కింద క్రాంకు గదిలో ఇంకో ఒత్తిడి ఉంటుంది. ఇంధనాన్ని పైకి నెట్టేది అదే. క్రాంకు సీళ్లు గట్టిపడి గాలి పీలుస్తున్నా, రీడు రెక్కలు అంచు విరిగినా నీ మీటరు 110 చూపిస్తూనే ఉంటుంది. అప్పుడు నువ్వు ప్లగ్గులూ కాయిళ్లూ చూసుకుంటూ కూర్చుంటావు. విప్పితే సీళ్లు, రీడ్లు, రింగులు అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొస్తాయి. అన్నీ మార్చేస్తే ఏది పాడైందన్న ప్రశ్నే ఉండదు.

ఇది యజమాని పక్షంలో గట్టి మాట. ఒత్తిడి మీటరు దగ్గరే ఆగిపోయి, ఇంజిను బాగుంది అని చేతులు దులుపుకునే మేస్త్రులు ఉన్నారు. టూ స్ట్రోకు విషయంలో అది సగం పరీక్షే.

మేస్త్రి: మీటరు చూడలేనిది ఉందన్నావు, నిజమే. కానీ అవి కూడా మూగవి కావు. రీడు విరిగితే కార్బొరేటరు నోటి నుంచి ఇంధనం తుంపర్లుగా వెనక్కి ఉమ్ముతుంది, కవరు తీసి చెయ్యి అడ్డం పెడితే తడి తెలుస్తుంది. సీలు గాలి పీలిస్తే ఆ సిలిండరు ప్లగ్గు పక్కదానికంటే తెల్లగా కాలుతుంది, గ్యాసు తగ్గించినా మోటారు ఒక్కోసారి తనంతట తానే పైకి లేస్తుంది. రెండు ప్లగ్గులు పక్కపక్కన పెట్టి చూడటం ఖర్చు లేని పని. రీడ్లు మార్చడానికి కార్బొరేటరు, దాని వెనక మూత తీస్తే చాలు, సిలిండరు జోలికి పోనక్కర్లేదు.

అన్నీ మార్చేస్తే ప్రశ్నే ఉండదన్నావే, నేను ఒప్పుకోనిది అదొక్కటే. పిస్టను ఎందుకు పోయింది? టూ స్ట్రోకులో పిస్టను చాలాసార్లు అరిగి పోదు, కాలి పోతుంది. ఇంధనం చాలక మిశ్రమం పలచబడితే వేడి పెరుగుతుంది. ఈ మోటారులో నూనె కూడా ఇంధనంతో పాటే వస్తుంది కాబట్టి ఇంధనం తగ్గితే నూనే తగ్గుతుంది. పిస్టను అంచు కరిగి, గోడ మీద గీతలు పడతాయి. విప్పినవాడికి కనిపించేది కరిగిన పిస్టను. వాడు కొత్తది వేస్తాడు. దాన్ని కరిగించిన కారణాలు, అంటే మూసుకుపోయిన కార్బొరేటరు జెట్టు, లోపల పొర ఊడిన ఇంధనం పైపు, పనిచేయని నీటి పంపు, ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త పిస్టను కూడా అదే దారిన పోతుంది, పైగా త్వరగా పోతుంది, ఎందుకంటే కొత్త రింగులు సర్దుకునే రోజుల్లో దానికి నూనె ఎక్కువ కావాలి. నిజంగా బోరు చేయించాల్సిన మోటారుకే కారణం వెతకాల్సిన అవసరం ఎక్కువ. నువ్వు వద్దంటున్న పరీక్షలు బోరుకి ప్రత్యామ్నాయం కావు, బోరు చేయించినా తప్పనివి.

యజమాని: అన్నేళ్లూ నడిచిన పైపుకీ జెట్టుకీ ఇప్పుడే ఏమొచ్చింది? ఆ ట్యాంకే, ఆ పెట్రోలు బంకే, నేను కలిపే ఆ నూనే.

మేస్త్రి: బంకు అదే, పెట్రోలు అది కాదు. దేశంలో 2022కి పెట్రోల్లో పదో వంతు ఇథనాల్ కలిసింది, 2025కి అయిదో వంతయింది. నీ మోటారు తయారైననాడు దాని జెట్టు రంధ్రం పెట్టింది ఉత్త పెట్రోలు కోసం. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు ఇంధనానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు. అయిదో వంతు కలిపినదానికి సుమారు 13.5. రంధ్రం మారలేదు, వచ్చే ఇంధనం కొలత మారలేదు, కానీ ఆ కొలతకి ఉండాల్సినదానికంటే గాలి ఎక్కువైంది. అంటే ఏ పార్టూ పాడవకుండానే నీ మోటారు పలచని మిశ్రమం మీద నడుస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండొంతులే, ఆ లోటు వేరే. కొత్త కార్లలో సెన్సారు చూసి సర్దుకునే కంప్యూటరు ఉంటుంది. నీ కార్బొరేటరుకి కళ్లు లేవు.

పైపు సంగతి ఇంకా చెడ్డది. పాత రబ్బరుని ఇథనాల్ మెత్తబరుస్తుంది. పైకి పైపు బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి తలుపు రెక్కలా వేలాడుతుంది. మెల్లగా పోయినంతసేపూ ఇంధనం దాటుతుంది. పూర్తి గ్యాసు ఇచ్చి పంపు గట్టిగా లాగగానే రెక్క మూసుకుంటుంది. విడిగా తీసి ఊదితే గాలి పోతుంది, మేస్త్రి బాగుంది అంటాడు, మళ్లీ సముద్రంలో అదే గోల. ఇక నీళ్లు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, తెప్ప మీద ట్యాంకులోకి ఉప్పునీరు చేరడం మామూలే. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ని పట్టుకుని ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. నువ్వు కలిపిన నూనె మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. మోటారు పీల్చేది అడుగు నుంచి. నూనె లేని నీళ్ల ఇథనాల్ మీద నడిచే పిస్టను ఎన్నాళ్లుంటుంది? ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. తెల్లారేసరికి రెండు పొరలు కనబడితే నాతో పని లేదు, ముందు ట్యాంకు కడుక్కో. నూనె ఎక్కువ పోస్తే మోటారుకి మంచిదని లీటరుకి 20 మిల్లీలీటర్లు పోయాల్సిన చోట 40 పోస్తారు మనవాళ్లు. అదే రంధ్రంలోంచి నూనె ఎక్కువ పోతే పెట్రోలు తక్కువ పోతుంది. మంచి చేయబోయి మిశ్రమాన్ని ఇంకా పలచన చేసుకోవడమే.

యజమాని: ఇదంతా ఒడ్డున, నీడలో, తీరిగ్గా చెప్పే మాట. జబ్బు కనిపించేది అక్కడ కాదు బాబాయ్. డ్రమ్ములో పెట్టి తిప్పితే మోటారు బంగారంలా తిరుగుతుంది. ఒడ్డు కనబడనంత దూరం పోయాక, పావుగంట పూర్తి గ్యాసు మీద పోయాక నీరసిస్తుంది. కెరటాల్లో తెప్ప ఊగుతుంటే మీటరు ఎవరు బిగిస్తారు, ముల్లు ఎవరు చూస్తారు? అక్కడ నాకు తెలిసింది ప్లగ్గు మార్చడం, వీలైతే ఇంటికి రావడం.

మేస్త్రి: సముద్రంలో నువ్వు చేసేది సరైనదే. అక్కడ కావాల్సింది ఇంటికి చేరడం, కారణం తెలుసుకోవడం కాదు. కానీ కొన్ని పరీక్షలు సముద్రంలో తప్ప ఒడ్డున కుదరవు, వాటికి మీటరూ అక్కర్లేదు. నీరసించగానే పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బుని చేత్తో నొక్కుతూ ఉండు. మోటారు మళ్లీ అందుకుంటే మెరుపూ ఒత్తిడీ రెండూ నిర్దోషులు, ఇంధనం అందడం లేదంతే. ట్యాంకు మూత మీద గాలి మర చూడు. బిగిసిపోయుంటే ట్యాంకులోకి గాలి పోక ఇంధనం బయటికి రాదు. మూత తీయగానే బుస్సున గాలి పీలిస్తే జబ్బు అక్కడే దొరికింది. బల్బు చొట్టపోయి ఉంటే అడ్డు ట్యాంకు వైపుంది. బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు కవాటం పోయింది. పక్క తెప్పవాళ్ల ట్యాంకూ పైపూ అడిగి తగిలించి చూస్తే ఈ వైపంతా ఒక్క దెబ్బకి తేలిపోతుంది. ఫ్యాను బుష్షు జారుతోందేమో చూడాలంటే, పోయేముందు బుష్షు నుంచి ఫ్యాను లోహం మీదుగా ఒక గీత గీసిపెట్టు. తిరిగొచ్చాక గీత రెండుగా విడిపోయి ఉంటే జారినట్టే.

వేడెక్కాకే నీరసిస్తోంది, చల్లారితే బాగవుతోంది అంటే అందులో ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి నీటి పంపు. మన తీరంలో తెప్పని ఇసుక మీదికి లాగుతాం, లోతులేని చోట మోటారు వేస్తాం. ఇంపెల్లరు నీళ్లతో పాటు ఇసుకనీ తాగుతుంది, రెక్కలు అరుగుతాయి. వెనక చిన్న ధార పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. ధార పడుతున్నా హెడ్డు లోపలి దారుల్లో ఉప్పు గట్టిపడి ఉండొచ్చు. రెండోది కాయిలు. చల్లగా ఉన్నప్పుడు తెగని తీగ వేడికి సాగి లోపల తెగుతుంది, మెరుపు పోతుంది. ఒడ్డుకొచ్చేసరికి చల్లారి మళ్లీ కలుస్తుంది. అందుకని మెరుపు చూస్తే మోటారు వేడిగా ఉన్నప్పుడే చూడాలి. ప్లగ్గు బయటికి తీసి బాడీకి ఆనించి, నీలం మెరుపు వచ్చింది చాలు అనడం చాలదు. బయటి గాలిలో మెరవడం తేలిక, సిలిండరు లోపల ఒత్తిడిలో అదే సందు దాటాలంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. సందు పెంచుకోగల టెస్టరు పెట్టి, ప్లగ్గు సందుకి ఎన్నో రెట్ల దూరం దూకుతోందా అని చూడాలి. మన రేవుల్లో ఇంకో అలవాటుంది, నడుస్తున్న మోటారు ప్లగ్గు తీగ ఊడబీకి ఏ సిలిండరు చచ్చిందో చూడటం. సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె మెరుపునిచ్చే మోటార్లలో ఆ పని చేయొద్దు. మెరుపుకి దారి దొరక్క కాయిలో, ఆ పెట్టో కాలిపోతుంది, నీకు షాకు కొట్టడం వేరే. తీగని బాడీకి తగిలించి ఆపితే అదే సంగతి తెలుస్తుంది, ఏదీ కాలదు.

యజమాని: నువ్వు చెప్పేకొద్దీ నా మాటే నిజమనిపిస్తోంది. ఇన్ని దారులు! పాత మోటారులో వీటిలో ఒక్కటే పాడవుతుందా? పైపు సగం, ఇంపెల్లరు సగం, కాయిలు సగం, రింగులు పావు. అన్నీ కొంచెం కొంచెం పోయుంటాయి. నీ పద్ధతి ఒకే దొంగని పట్టుకోవడానికి పనికొస్తుంది. ఊరంతా దొంగలైతే ఏం చేస్తావు?

మేస్త్రి: అలాంటి మోటార్లు ఉన్నాయి, వాటి దగ్గర నేను కూడా తడబడతాను. ఆ చోట నీకు సగం ఒప్పుకుంటాను. ఇంపెల్లరు, ప్లగ్గులు, ఫిల్టరు, ఇంధనం పైపు, గేరు నూనె, వీటికి పరీక్షలెందుకు? కాలం చూసి మార్చేయ్. అవి అరగడానికే చేసిన వస్తువులు. వాటిని మార్చాక ఎంత మిగిలిందో అదే అసలు జబ్బు. కానీ అవి మార్చేముందు ఒకసారి చుట్లు కొలిచి రాసుకో, మార్చాక మళ్లీ కొలువు. ఊరంతా దొంగలైనప్పుడే లెక్క ఎక్కువ అవసరం, ఎవడు ఎంత దోచాడో తెలియాలిగా. పైపు మార్చితే 4000 నుంచి 4400 అయిందనుకో, ఇంకా ఏదో మిగిలింది. 5000కి చేరిందనుకో, ఇక ఆగిపో. ఆగడం తెలియకపోవడం వల్లే బాగున్న మోటార్లు విప్పబడుతున్నాయి. విప్పిన ప్రతిసారీ కొత్త జబ్బు దూరే సందు ఒకటి ఏర్పడుతుంది. గాస్కెట్టు సరిగా కూర్చోదు, గ్యాసు తీగ పొడవు తేడా వస్తుంది. గ్రిప్పు చివరిదాకా తిప్పినా కార్బొరేటరు రెక్క పూర్తిగా తెరుచుకోని మోటార్లు బోలెడు. కవరు తీసి ఒకరు గ్రిప్పు తిప్పుతుంటే ఇంకొకరు లోపలికి చూస్తే తెలిసిపోయే జబ్బు అది. దానికి పిస్టన్లు మార్చినవాళ్లున్నారు.

యజమాని: అయితే ఇన్నాళ్లూ మీ మేస్త్రులు ఎందుకిలా చేయలేదు? నేను పోయిన ప్రతిచోటా ముందు స్పానరే పట్టుకున్నారు.

మేస్త్రి: నువ్వు దేనికి డబ్బిచ్చావో గుర్తు తెచ్చుకో. నేను గంటసేపు చూసి, గాలి మర బిగిసింది, వదులు చేశాను అంటే నువ్వు ఇచ్చేది టీ డబ్బులు. కార్బొరేటరు మార్చాను అంటే అడిగినంతా ఇస్తావు. చేతిలో పాత పార్టు పెడితేనే పని జరిగిందని నమ్ముతావు. చూడటానికి డబ్బు రాని చోట మేస్త్రి చూడటం మానేస్తాడు, మార్చడం నేర్చుకుంటాడు. తప్పు ఒక్క స్పానరుది కాదు అబ్బాయ్. పార్టు అంత తేలిగ్గా దొరికే రోజులు కూడా పోతున్నాయి. ఆ ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. మిగతా కంపెనీలవీ పాత టూ స్ట్రోకు మోడళ్లు ఒక్కొక్కటే జాబితాలోంచి పోతున్నాయి. అసలు పార్టు దొరక్క నకిలీ పిస్టను వేసిన మోటారు, అరిగిన అసలు పిస్టనుతో ఉన్న మోటారు కంటే మంచిదని నేను చెప్పలేను.

యజమాని: సరే బాబాయ్, కొలువు. చుట్లూ కొలువు, ఒత్తిడీ కొలువు, చూసినందుకు కూలీ కూడా ఇస్తాను. కానీ ఒక్కమాట. అన్నీ బాగుచేశాక కూడా ఈ మోటారు నాకు నష్టమే. టూ స్ట్రోకు మోటారు తాగే పెట్రోల్లో నాలుగో వంతు దాకా మండకుండానే పొగగొట్టంలోంచి సముద్రంలోకి పోతుందంటారు. అమెరికాలో 1996లో పొగ నిబంధనలు పెట్టి పాత రకం మోటార్లకి దారి మూసింది కూడా అందుకేనట. ఫోర్ స్ట్రోకు కొంటే ఆ పెట్రోలు మిగులుతుంది. నేను దీన్ని అమ్మేయాలనే అనుకుంటున్నాను.

మేస్త్రి: అమ్మేయ్. ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు, పెట్రోలు లెక్క నిజమే. ఫోర్ స్ట్రోకు బరువు ఎక్కువ, ఇసుక మీద ఎత్తి దించేది మీరే కాబట్టి అది కూడా చూసుకో. కానీ నువ్వు దీన్ని అమ్మేది పెట్రోలు తాగుతోందని, చచ్చిపోయిందని కాదు. కొనేవాడు అడిగితే రెండు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాసి చూపించు. 110, 105 అని ఉన్న మోటారుకీ, వయసైపోయింది బోరు చేయించుకోవాలి అని చెప్పే మోటారుకీ ధర ఒకటి కాదు. రేపు పొద్దున మోటారు తీసుకురా, కానీ ముందు ఆ ట్యాంకు అడుగు నుంచి సీసాలో పెట్రోలు పట్టి పెట్టు.